రెండు వాక్యాలు ఒకటి చేయండి

ఇప్పటి పిల్లలకి ఇంగ్లీషు మీడియం ఉంది, గోడకి డిజిటల్ బోర్డుంది, తల్లిదండ్రుల నడ్డి విరిచే ఫీజుంది. రెండు వాక్యాలిచ్చి ఒకటి చేయమంటే మాత్రం మధ్యలో ఓ ‘అండ్’ కొట్టి చేతులు దులుపుకుంటారు. అదేమిట్రా అంటే, పరీక్షలో నాలుగు ఆప్షన్లిస్తారు తాతయ్యా, టిక్కు పెడితే చాలంటారు.

మా రోజుల్లో ఆప్షన్లెక్కడివి? తెల్లకాగితమే. మాది తెలుగు మీడియం, చేతిలో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు. ఆ రెన్ దొర బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగం వెలగబెట్టినవాడే. 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు కూడా తెచ్చుకున్నాడు. ఆ నవల మాలో ఒక్కడూ చూడలేదు, ఆయనగారి వ్యాకరణం మాత్రం మా వీపుల మీద చాలాసార్లు అచ్చయింది. తర్వాత దాన్ని సవరించి కొత్త కూర్పు తెచ్చినాయన ఎన్.డి.వి. ప్రసాదరావు. అట్ట మీద ఆ పేరు చూసుకుని ‘మనవాడేరా’ అని మురిసిపోయేవాళ్ళం. మార్కులేమీ పెరగలేదనుకోండి.

అసలు తెలుగువాడికి రెండు వాక్యాలు కలిపే ఆ పాఠం ఎందుకంత కష్టం? మనకి ‘తిన్న’ అన్న ఒక్క ముక్కతో ఊరంతా గడిచిపోతుంది. అన్నం తిన్న పిల్లాడు, పిల్లాడు తిన్న అన్నం, పిల్లాడు తిన్న కంచం. ఎవరు, ఏది, ఎందులో అని అడిగేవాడు లేడు. ఇంగ్లీషులో అలా కుదరదు. పిల్లాడికి హూ, అన్నానికి విచ్, కంచం దగ్గరికొచ్చేసరికి ఫ్రమ్ విచ్. పైగా మనకి వర్ణన ముందు, మనిషి తర్వాత. వాళ్ళకి మనిషి ముందొచ్చి కూర్చుంటే వర్ణన వెనకాల నడిచొస్తుంది. మా మాస్టారు అందుకే బోర్డు నిండా బాణాలు గీసేవారు. రెండు వాక్యాల్లోనూ ఉన్నవాడెవడో పట్టుకో. రెండోసారి వచ్చినచోట వాడిని కొట్టేసి హూ పెట్టు. ఆ ముక్కని తీసుకెళ్ళి మొదటివాడి పక్కన కూర్చోబెట్టు. పక్కన అంటే ఆనుకుని!

ఆనుకోకపోతే ఏమవుతుందో మా క్లాసులో అందరికీ తెలుసు. బావమరిది దగ్గర గేదెని కొన్నాడు, అది పది లీటర్ల పాలిస్తుంది అన్న రెండు వాక్యాల్ని ఒకడు ‘హీ బాట్ ఎ బఫెలో ఫ్రమ్ హిజ్ బ్రదరిన్‌లా హూ గివ్స్ టెన్ లీటర్స్ ఆఫ్ మిల్క్’ అని కలిపాడు. మాస్టారు కళ్ళజోడు తీసి, “ఏరా, మీ బావమరిది ఈనింది మొదటిసారా, రెండోసారా?” అన్నారు. ఇప్పుడు మా మనవడి వర్కుషీటులో అలాంటి తప్పుకి ఎర్ర గుర్తు పడుతుందంతే, ఎందుకో చెప్పేవాడు లేడు.

కామా సంగతి చెప్పుకోకూడదు. ‘మై సన్ హూ లివ్స్ ఇన్ అమెరికా’ అని ఏకబిగిన రాస్తే, ఇంకో కొడుకు ఇక్కడెక్కడో ఉన్నాడని చదివేవాడికి అనుమానం వస్తుంది. ఒక్కడే అయితే సన్ తర్వాత ఒకటి, అమెరికా తర్వాత ఒకటి కామా పడాలి. మా కాలనీలో సగం ఇళ్ళవాళ్ళకి పనికొచ్చే ముక్క ఇది. ఎవరు పెడుతున్నారు? ఫోనులో ఫుల్‌స్టాపుకే దిక్కులేదు. ఇక హూమ్ అనేవాణ్ణి చూసి చాలా కాలమైంది, అదీ నాలాంటి ముసలాడే.

ఇంగ్లీషులో కలపడం రాదు సరే, ఆ హూలూ విచ్‌లూ తెచ్చి తెలుగులో కుమ్మరిస్తున్నారు. టీవీ పెడితే, ‘ఎవరైతే దరఖాస్తు పెట్టుకున్నారో వాళ్ళు’, ‘ఏదైతే వంతెన కూలిపోయిందో ఆ వంతెన’. ‘దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు’, ‘కూలిపోయిన వంతెన’ అంటే జీతం తగ్గిస్తారా? ఏ ఎండకా గొడుగని మనమూ అంటాం, ఆ పద్ధతి మనకి లేదనను. ప్రతి వాక్యానికీ ఆ గొడుగెందుకని నా గొడవ. మొన్న మా మనవరాలు, “తాతయ్యా, ఏదైతే రిమోటు నీ దగ్గరుందో అది ఇటియ్యి” అంది.

నేనివ్వలేదు.