ల్యాప్‌తాపోపశమనము (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

తిరుపతి, బైరాగిపట్టెడ. మిద్దె మీద ఒంటిగది, మే నెల, మధ్యాహ్నం మూడు. బయట 40 దాటింది. పొద్దున్నించీ ఎండ తాగిన కాంక్రీటు కప్పు ఇక లోపలికి కక్కడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న నా మేనల్లుడు, వాడి ఎదుట గేమింగు ల్యాప్‌టాపు. నేను చిత్తూరులో ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. కంప్యూటరు సంగతులు ఆ తర్వాత నేర్చినవి. వాడు పంపిన సందేశమే ఈ వ్యాఖ్యకు మూలం.

మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది పలకను అని మల్లినాథసూరి మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. రెండో సగం నావల్ల కాదు. మొదటి సగమైనా నిలబెట్టుకుందామని కూర్చున్నాను.

మూలము

"మామా, గేము పెట్టిన పది నిమిషాలకే ల్యాప్‌టాపు టెంపరేచరు కొండెక్కి కూచుంటా ఉండాది. ఫ్యాను ఒకటే అరుపు. ఏం చేసేది?"

ఛందస్సు: వచనము. యతిప్రాసలు లేవు. చివర ఏడుపు బొమ్మలు మూడు. లేఖక దోషమని వదిలేశాను.

ప్రతిపదార్థము

మామా = ఓ మేనమామా. ఈ సంబోధన పండగ శుభాకాంక్షల్లో కనబడదు, అవసర సందర్భాల్లోనే ప్రయుక్తమవుతుంది.

గేము పెట్టిన = ఆట ప్రారంభించిన.

పది నిమిషాలకే = ఇక్కడ 'ఏ' అవధారణార్థకం. దీన్ని తేలిగ్గా దాటిపోయిన వైద్యుడు రోగం పట్టలేడు. ఆట మొదలైన క్షణాల్లోనే వేడి అంకె పైకి ఎగిరితే తప్పు గ్రాఫిక్స్ కార్డుకూ దాని నెత్తి మీది రాగి పలకకూ నడుమ ఉన్న పేస్టుది. మెల్లగా, పది నిమిషాలపాటు పాకి ఎక్కితే తప్పు గాలి రాకపోకలది. మావాడిది రెండో రకం.

ల్యాప్‌టాపు = ఒడి మీద ఉండునది. వ్యుత్పత్తి అట్లా ఉన్నా ఈ జాతిదాన్ని ఒడిలో పెట్టుకోరాదు. కార్డు ఒక్కటే 100 వాట్లు తింటుంది, అంటే నూరు క్యాండిల్ బల్బును తొడ మీద వెలిగించుకున్నట్టు. మా అమ్మ దీన్ని 'ల్యాప్‌తాపు' అంటుంది. ఈ పాఠాంతరమే సాధువని నా అభిప్రాయం.

టెంపరేచరు = గ్రాఫిక్స్ కార్డుది అని గ్రహించాలి. కార్డు వేడిని చూపే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేరు చూపించిన అంకె 87.

కొండెక్కి = ఇది శ్లేష. లోకంలో ధరలు కొండెక్కుతాయి, అంటే పెరుగుతాయి. దీపం కొండెక్కుతుంది, అంటే ఆరిపోతుంది. తిరుపతిలో మాత్రం మనుషులు ఎక్కుతారు, అలిపిరి మెట్ల మీదుగా. వాడు మొదటి అర్థంలో రాశాడు, రెండో అర్థానికి భయపడ్డాడు. మూడో అర్థంలో పాటిస్తే కొంత గుణం ఉంది కూడా: తిరుపతికీ తిరుమలకూ దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా, పైన నాలుగైదు డిగ్రీలు తక్కువ. కానీ ఆట ఆడటానికి కొండకు పోయినానని వాళ్ళవ్వకు తెలిస్తే పుట్టే వేడి వేరు.

కూచుంటా ఉండాది = మూలానికంతటికీ ప్రాణం ఈ క్రియ. 'ఎక్కుతా ఉండాది' అనలేదు చూడండి. చాలా ఎన్విడియా ల్యాప్‌టాప్ కార్డులకు 87 దగ్గర గీత గీసి ఉంటుంది. అక్కడికి రాగానే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుని, వేడిని ఆ గీత దాటనివ్వదు. దీన్ని కంప్యూటరువాళ్ళు థ్రాట్లింగ్ అంటారు. మనవైపు ఇది కొత్త కాదు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండలకు తాళలేక మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా వేసుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచింది. వేడెక్కితే పని తగ్గించుకోవడాన్ని కలెక్టరుకైతే విడిది అంటాం, కార్డుకైతే లోపం అంటాం!

ఫ్యాను ఒకటే అరుపు = 'ఒకటే' సంఖ్యావాచకం కాదు, ఎడతెగని అని అర్థం. ఫ్యాన్లు రెండు.

ఏం చేసేది = కర్త లోపించాడు. చేయవలసినవాడు మామ అని ధ్వని.

పూర్వపక్ష ఖండనము

"టూత్‌పేస్టు పూస్తే చల్లబడుతుంది" అని వాడి రూమ్మేటు. పొసగదు. అందులోని తడి ఆరగానే పెచ్చులు కడుతుంది. అసలు పేస్టు పని చల్లబరచడం కాదు, చిప్పుకూ రాగి పలకకూ మధ్య కంటికి కనబడని గుంతలు పూడ్చడం. అదీ తాంబూలంలో సున్నమంతే ఉండాలి. మెత్తితే నోరు పొక్కినట్టు ఇక్కడా చెరుపే.

"తడిగుడ్డ కప్పండ్రా" అని మా అమ్మ. కుండ విషయంలో ఇది పరమ ప్రమాణం. కరెంటు పారే వస్తువు విషయంలో కాదు.

"బోర్డు పోయింది, కొత్తది వెయ్యాల" అని ఒక రిపేరు అంగడి. దీనికి ఖండనం రాయను. ఆ అంగడివాడు మూత కూడా విప్పలేదు.

విశేషాంశము: రాగి

ఈ యంత్రంలో నాకు నచ్చిన వస్తువు ఒక్కటే, రాగి గొట్టం. చదునుగా నొక్కిన సన్నటి గొట్టం, లోపల గాలి తీసేసి కొద్దిపాటి నీరు పోసి మూతి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ గనుక ఆ నీరు నూరు డిగ్రీలదాకా ఆగదు. కార్డు వైపు చివర ఆవిరై రెండో చివరకు పరుగెత్తుతుంది, అక్కడ పల్చటి రేకులకు వేడిని అప్పజెప్పి మళ్ళీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు అంటించిన రాగి పొడి, దీపం వత్తి నూనెను పీల్చినట్టు, ఆ నీటిని వెనక్కి పీలుస్తుంది. మోటారు లేదు, శబ్దం లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించాడు. అరిచేదల్లా ఆ రేకుల మీదికి గాలి ఊదే ఫ్యాన్లే.

ఇక్కడ కూడా శ్లేష ఉంది. రాగి అంటే లోహం. రాగి అంటే మన సంగటి, అంబలి. ఎండాకాలం చిత్తూరు జిల్లాను చల్లగా ఉంచేది అదే. సంస్కృతంలో రాగి అంటే అనురాగం గలవాడు, ఒకదాన్ని పట్టుకుని వదలనివాడు. అంటే మా మేనల్లుడు. ఈ మూడో రాగి రెండో రాగి తాగి మొదటి రాగిని మాడుస్తున్నది బైరాగిపట్టెడలో!

తాత్పర్యము

కార్డు చూపే అంకెలో గది అంకె కలిసి ఉంటుంది. గది 38 అయితే, అదే ఆటకు, అదే వేగంతో, అదే గాలితో కార్డు దాని మీద 49 ఎక్కి 87 చేరుతుంది. గది 26 అయితే దాదాపు 75 దగ్గర ఆగుతుంది. ఏసీలు చేసే డైకిన్ ఫ్యాక్టరీని 2023లో తిరుపతి జిల్లాలోనే, శ్రీసిటీలో తెరిచారు. అయినా ఏసీ అన్న మాట ఎత్తితే ఆ మిద్దె యజమాని అద్దె కొండెక్కిస్తాడు (మొదటి అర్థం). కాబట్టి గదిని వదిలి, పైన ఎక్కే 49ని తగ్గించుకోవాలి.

అందుకు మొదటి మార్గం ఆశ తగ్గించుకోవడం. వాడి తెర సెకనుకు 144 బొమ్మలు చూపగలదు. హద్దు పెట్టకపోతే కార్డు తెర చూపలేనన్ని కూడా గీసి పారేస్తుంది. 2021లో 'న్యూ వరల్డ్' అనే ఆట పరీక్షల్లో ఉండగా మెనూ తెర దగ్గరే కొన్ని పెద్ద 3090 కార్డులు చచ్చిపోయాయి. తర్వాత ఆట చేసినవాళ్ళు మెనూలో బొమ్మల లెక్కకు హద్దు పెట్టారు. వాణ్ణి 60కి కట్టెయ్యమన్నాను. గొణిగాడు, కట్టాడు.

రెండోది వోల్టేజి తగ్గింపు. చిప్పు స్విచింగులో తినే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 1 వోల్టు దగ్గర చేసే పనిని అదే వేగంతో 0.85 దగ్గర చేయించగలిగితే ఆ ఖర్చు సుమారు 28 శాతం తగ్గుతుంది. అన్ని కార్డులూ ఇంతకు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే ఆట ఆగిపోతుంది, కార్డుకేమీ కాదు. ఒక మెట్టు పైకి జరిపి చూడాలి.

దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే. ఒక్క మాట: బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి, గాలికి అదుపు లేకుండా తిరిగితే దాని బేరింగు పోతుంది.

అధ్యాహారము

ఇవన్నీ చేశాక కూడా అంకె 85. మళ్ళీ మూలం తెరిచి చదివాను. 'గేము పెట్టిన' అన్నాడు సరే, ల్యాప్‌టాపు ఎక్కడ పెట్టినట్టు? ఆ మాట మూలంలో లేదు. వీడియో కాల్ చేశాను.

పరుపు మీద. దూది పరుపు, దాని మీద మడతలు పెట్టిన బొంత. గాలి పీల్చే చిల్లులన్నీ అడుగున. బొంతలో ముక్కు పెట్టి పండుకున్నవాడు గురక పెట్టినట్టు ఫ్యాన్లు అరుస్తున్నాయి. 'పరుపు మీద' అని అధ్యాహారం చేసుకోక తప్పలేదు. మల్లినాథుడికి ఇచ్చిన మాట అక్కడ పోయింది.

గోడ అలమరలో కడప బండ ఉంది కదా, దాని మీద పెట్టి వెనక కాళ్ళ కింద రెండు నీళ్ళ సీసా మూతలు పెట్టమన్నాను. (తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం, కావున ఇవి కింద దొరికిన మూతలని తెలియవలెను.) బండ చల్లదనం కోసం కాదు. రాయి వేడిని మోయడంలో రాగి ముందు ఎందుకూ చాలదు. అది కుంగదు, చిల్లులు మూయదు, అందుకని.

సాయంత్రం ఆరింటికి రెండో మూలం వచ్చింది.

"మామా, బండ మీద పెట్టినా. ముందు 74 ఉన్నింది. ఇప్పుడు మళ్ళా 83. ఏం చేసేది?"

'పెట్టినా' అన్నాడు. వేడిగాలి బయటికొచ్చే వైపు అలమర గోడకు ఎంత ఎడం ఉందో చెప్పలేదు. మళ్ళీ వీడియో కాల్ కలుపుతున్నాను.