నొప్పి లేదని బిళ్లలు మానేస్తారా!

మా రోజుల్లో గుండెపోటంటే మంచం దిగొద్దనేవాళ్లు, నాలిక కింద ఒక బిళ్ల పెట్టేవాళ్లు, మిగతాది దేవుడికి వదిలేసేవాళ్లు. కడప జిల్లాలో కాస్త ఉన్నోళ్లయితే శనక్కాయలమ్మిన దుడ్లు నడుముకు కట్టుకోని వేలూరు సీఎంసీకి రైలెక్కేవాళ్లు. అసలు మూసుకుపోయిన గుండె నాళంలోకి బుడగ పంపి తెరవొచ్చని గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు జూరిచ్‌లో చేసి చూపించిందే 1977 సెప్టెంబరులో. అది మన కర్నూలు దాకా రావొద్దూ!

ఆ తర్వాత 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2017లో గుండె నాళంలో పెట్టే మందు పూసిన స్టెంటు ధర 29,600 రూపాయలు దాటకూడదని కేంద్రం కళ్లెమేసింది. ఇప్పుడేమో మణికట్టు కాడ చిన్న రంధ్రం పెట్టి, గడ్డ కట్టకుండా మనిషి బరువును బట్టి హెపారిన్ ఎక్కించి, పని ముగిస్తాండారు. మునుపు గజ్జలో గొట్టం దూర్చేవాళ్లు. తీసినాక పైన ఇసుక మూట పెట్టి, కాలు కదిలిస్తే నర్సమ్మ కసిరేది. గంటలకొద్దీ అట్లా పడుకున్నోడికి తెలిసేది, లోపల పెద్ద పనే జరిగిందని. ఇప్పటోడు నాలుగో నాటికి టీ బంకు కాడ ఉంటాడు. ఇంక లెక్కెందుకుంటుంది?

మా వీధిలో ఒకాయనకు స్టెంటు వేసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రాసిచ్చినారు. నాలుగు నెలలకే "నొప్పి లేదు కదన్నా, ఇంకా ఎందుకు?" అంటాడు. ఓరి నాయనా, నొప్పికా అవి? లోపలుండేది లోహపు జల్లెడ. దానిమీద నాళం పొర పరుచుకునేదాకా ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటానే ఉంటాయి. గడ్డ కట్టిందంటే మళ్లీ పోటే, ప్రాణం మీదికే. పోటొచ్చి స్టెంటు వేయించుకున్నోళ్లకు మామూలుగా ఏడాది దాకా రెండూ, ఆపైన ఒకటి. ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు చెప్పాల, టీ బంకోడు కాదు. పన్ను పీకించుకోవాలన్నా ఆ డాక్టరును అడిగే బిళ్లలు మానాల.

ఇంకొకాయన మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని ఈ స్టెంటు బిళ్లలతో కలిపి మింగినాడు. దొడ్డికి తారు మాదిరి నల్లగా పోతే, రాగిసంగటి తిన్నా కదా అంటాడు! కడుపులో రక్తం కారుతాంటే సంగటి మీద నెపమా?

వీళ్లందరికీ మించినోడు మా బావమరిది. గుండె కవాటం మార్పించుకొని వార్ఫరిన్ మింగేవాళ్లకు ఆకుకూర ఒక్కసారిగా పెంచొద్దు, తగ్గించొద్దు అంటారు. అది ఎక్కడో విన్నాడు. ఈయనకుండేది స్టెంటు, వేసుకునేది వేరే బిళ్లలు. అయినా పుంటికూర ముట్టడు. బీడీలు మాత్రం రోజుకొక కట్ట.