మడి బీరు

ఇంట్లో బీరు కాస్తానని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో ఓ గౌరవం కనిపిస్తుంది. రాగి బానలూ, పొగలూ, తాతల నాటి రహస్యాలూ ఊహించుకుంటారు కాబోలు. నిజానికి బీరు చేసేది ఈస్టు. మాల్టు నీళ్లలో హాప్స్ వేసి గంటసేపు మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు చల్లానంటే మిగతా చాకిరీ అదే చూసుకుంటుంది. నా వంతు అంట్లు తోమడం. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెడుతున్నవాణ్ణి, శనివారం వచ్చేసరికి గరాజ్‌లో స్టూలేసుకుని సీసాలు కడుగుతుంటాను. ఈ శ్రద్ధలో పావు వంతు వంటింటి సింకు మీద ఉంటే తన జన్మ ధన్యమయ్యేదని మా ఆవిడ అంటుంది.

ఒక్కసారి కాస్తే 5 గాలన్లు. అంటే 12 ఔన్సుల సీసాలు దాదాపు 50 కావాలి. కొత్తవి కొనుక్కోవచ్చు గానీ, తెలుగువాళ్ల పార్టీల్లో ఊరికే దొరికేదానికి డబ్బెవడు పెడతాడు? అందరూ బిర్యానీ దగ్గరుంటే నేను చెత్తబుట్ట దగ్గరుంటాను. అన్ని సీసాలూ పనికిరావు మరి. మూత తిప్పి తీసేవి నా మూతల మిషనుకి సరిగా బిగవవు. తెల్లసీసాలో వెలుతురు తగిలి హాప్స్ పాడై, స్కంక్ ఏదో అలిగి వెళ్లినట్టు కంపు కొడుతుంది. ముదురు గోధుమరంగు సీసాలే శ్రేష్ఠం. అవీ తిన్నగా దొరకవు. తాగినాయన అందులో నిమ్మచెక్క దూర్చి మహోపకారం చేసినట్టు నా చేతికిస్తాడు. రెండు రోజులకి అది అడుగున ఎండి, గోధుమరంగు తొక్కై గాజుకి అతుక్కుంటుంది. బ్రష్షుకి అందదు, వేడినీళ్లకి కరగదు, బోర్లించి కొడితే మెడ దాకా వచ్చి అడ్డం తిరుగుతుంది. మర్యాదకి లోటు రాకుండా ఆ సీసాని సాగనంపడం మేలు.

లేబుళ్లకైతే ఆక్సిక్లీన్ కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెడితే చాలావరకు పొద్దున్నకి వాటంతటవే ఊడి తేలుతుంటాయి. లోపల బ్రష్షు తిప్పి, కడిగి, సీసాని ట్యూబులైటుకి ఎత్తి చూడాలి. అడుగు అంచున పల్చటి బూడిదరంగు ఉంగరంలాంటిది కనిపించిందా, మళ్లీ మొదటికి. ఆ ఉంగరం పాత ఈస్టు మడ్డి. దాని మాటున దాక్కున్న క్రిములు, అసలు ఈస్టు తినలేని చక్కెరలని తీరిగ్గా తింటూ గ్యాసు వదులుతాయి. బీరు పులిసిపోతే పోయింది, ఒత్తిడి పెరిగితే సీసా పేలుతుంది. దీన్ని సీసా బాంబనే అంటారు.

అసలు సంగతి ఇక్కడుంది. కడిగినంత మాత్రాన సరిపోదు. ముందు మురికి పోవాలి, తరవాత క్రిములు చావాలి. మురికి మీద ఎంత మందు పోసినా వృథా. ఇది నా అమెరికన్ మిత్రులకి అర్థం కావడానికి పుస్తకాలు కావాల్సొచ్చాయి. మా అమ్మకి ఒక్క ముక్కలో అర్థమైంది.

"అంటే స్నానం వేరు, మడి వేరు. అంతేగా?" అంది.

తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పటి మాట. పోలీసులొస్తారేమోనని ముందు భయపడింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ చట్టం మీద సంతకం పెట్టాడనీ, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా కేంద్రానికి అభ్యంతరం లేదనీ చెప్పాను. అన్ని సీసాలు కడిగే నడుము ఎవరికుంది గనక! బీరు చెడేది సూక్ష్మజీవుల వల్లనని పాశ్చర్ 1876లోనే పుస్తకం రాశాడని కూడా చెప్పాను. మడి లేకుండా ఆవకాయ జాడీ ముట్టుకుంటే వేళ్లు విరిచేదట మా అమ్మమ్మ. ఆవిడ పాశ్చర్ని చదవలేదు.

పేచీ మాత్రం తడి దగ్గర వచ్చింది. 5 గాలన్ల నీళ్లకి ఒక ఔన్సు స్టార్ శాన్ అనే క్రిముల మందు కలిపి, సీసాలో తిప్పి ఒకటి రెండు నిమిషాలుంచి ఒంపేస్తాను. బుసబుసా నురగ మిగులుతుంది. దాన్ని కడగకూడదు.

"ఒరేయ్, ఆరబెట్టకుండానే పోస్తావా? చుక్క తడి తగిలితే ఆవకాయ బూజు పట్టదూ?"

"దీనికి తడే మడి అమ్మా. కడిగితే మళ్లీ క్రిములు చేరతాయి."

"మరి ఆ సబ్బు?"

"సబ్బు కాదు, ముఖ్యంగా ఫాస్ఫారిక్ ఆమ్లం. కోకాకోలాలో వేసేదే."

"అందుకే అది తాగొద్దని మొత్తుకున్నాను," అని నా వాదనతోనే నన్ను కొట్టింది.

అయినా సీసాలు నింపే రోజు కుర్చీ వేయించుకుని గరాజ్‌లో కూర్చుంది. గొట్టం కొస నా చొక్కాకి తగిలితే, "మైలపడింది, మళ్లీ ముంచు" అంది. ఫోను తీసి చూస్తే, "ఆ చెయ్యి?" అంది. మా ఆవిడ దాహమేసి అటుగా వస్తే దూరం నుంచే ఆపేసింది. ఇంత నిష్ఠగా నింపిన బీరుని వాసన కూడా చూడనని ఒట్టు పెట్టుకుంది గానీ, మూత సరిగా బిగిసిందో లేదో మాత్రం ప్రతి సీసా తిప్పి చూసింది.

ఆ రాత్రి తెనాలికి ఫోను చేసి పిన్నితో చెబుతోంది: "ఆఁ, బీరేనే. కానీ చాలా శుచిగా చేస్తున్నాడు."