మూడున్నర రోజులు

విడాకుల ఒప్పందంలో పాప సంగతి వచ్చేసరికి పంతం పట్టాను. వారంలో మూడున్నర రోజులు నాకు రావాల్సిందే. ఇంటి దగ్గరా డబ్బు దగ్గరా కూడా అంత గట్టిగా నిలబడలేదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని సిఫార్సు చేసిందని చదివి, ఆ సంగతి లాయరు గారికే పాఠంలా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో 13వ సెక్షన్ తీసి చూపించారు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ క్షేమం అని ఉంది అందులో. చదివాను. నా హక్కు నాకు దక్కితే అదే పాప క్షేమం అనుకున్నాను. నా మూర్ఖత్వం అక్కడ మొదలైంది.

కోరుకున్న రోజులు వచ్చాయి. నా ఉద్యోగం హైదరాబాద్‌లో, క్లయింటు న్యూజెర్సీలో. వాళ్ల పొద్దున పదకొండు గంటల మీటింగంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పితే అదే మీటింగు మనకి తొమ్మిదిన్నరకి పడుతుంది. రెండో తరగతి పిల్ల అన్నం తిని, హోంవర్కు చూపించి, కథ చెప్పించుకుని పడుకునే వేళ సరిగ్గా అదే. ఏళ్ల తరబడి చేస్తున్న పనే అయినా, సంతకం పెట్టేటప్పుడు ఈ లెక్క నా బుర్రకి తట్టలేదు. గెలవాలన్న ధ్యాస తప్ప ఇంకోటి లేదు.

పాప తొందరగానే అలవాటు పడింది. నా గది గుమ్మంలో నిలబడి, హెడ్‌సెట్ మీద ఎర్ర లైటు వెలుగుతోందా అని చూసేది. వెలుగుతుంటే నోరు మెదిపేది కాదు. దాహమేస్తే బొటనవేలు పెదాల దగ్గర పెట్టి చూపించేది, నిద్రొస్తే చెంప కింద చెయ్యి పెట్టేది. లైటు లేనప్పుడు కూడా "మ్యూట్‌లో ఉన్నావా నాన్నా?" అని అడిగాకే మాట్లాడేది. నా కూతురు ఎంత బుద్ధిమంతురాలో అని మా అమ్మకి ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాను. ఏడేళ్ల పిల్ల సొంతింట్లో సైగలు నేర్చుకుంటుంటే మురిసిపోయిన తండ్రిని నేను.

"రిలీజు ఉన్న వారం పాపని నా దగ్గరే ఉండనివ్వండి. బదులుగా శని, ఆదివారాలు మీరు ఉంచుకోండి" అని వాళ్లమ్మ అడిగింది. కుదరదన్నాను. ఆయన రోజులు ఆయనే వదులుకున్నారని రేపు కోర్టులో అంటుందేమోనని నా భయం. తను అడిగింది పాప కోసమేనని అర్థం చేసుకునే బుద్ధి అప్పుడు లేదు.

ఒక రాత్రి పాపకి జ్వరం తగిలింది. సిరప్ పట్టి, పడుకోబెట్టి, కాల్‌లోకి వెళ్లిపోయాను. కాల్ ముగించి తలుపు తీస్తే గుమ్మం పక్కన గోడకానుకుని నిద్రపోతోంది. ఒళ్లు కాలిపోతోంది. ఎంతసేపట్నుంచి అక్కడ కూర్చుందో తెలీదు. లైటు వెలుగుతోందని పిలవలేదు.

అప్పుడే వాళ్లమ్మకి ఫోన్ చేశాను. తను వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు మీటింగులున్న రోజులు పాప అమ్మ దగ్గర ఉంటోంది. శనివారం పొద్దున నా దగ్గరికి వస్తుంది. ఆ రెండు రోజులూ హెడ్‌సెట్ బీరువాలో ఉంటుంది. కాగితం మీద నా రోజులు తగ్గాయి.

ఇలాంటి ఒప్పందం రాసుకోబోతున్న తల్లులకీ తండ్రులకీ నాదొక మనవి. లాయరు దగ్గరికి వెళ్లేముందు మీ ఆఫీసు క్యాలెండరు ముందేసుకోండి. పిల్లలు మేలుకుని ఉండే వేళల్లో మీకు నిజంగా ఖాళీ ఉండే గంటలేవో చూసుకోండి. అవే అడగండి.