అత్త సొమ్ము, విండోస్ దానం

అన్నదానం సంగతిలో మా పెద్దాపురానికి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మ మహారాణిగారు ఇక్కడా, కత్తిపూడిలోనూ సత్రాలు కట్టించి బాటసారులకి అన్నం పెట్టించారు. అయితే ఆవిడ అందుకు భూములు రాసిచ్చారు. పక్కింటివాళ్ళు నిద్రపోతుండగా వాళ్ళ గాదెలో బియ్యం తోడి వండించలేదు. ఆ పద్ధతి కనిపెట్టడానికి అమెరికాలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ పుట్టాల్సి వచ్చింది.

2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. దాంతో పాటే డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఏర్పాటూ వచ్చింది. మీ కంప్యూటర్ అప్‌డేట్ దించుకుంటుంది. దించుకున్న ముక్కల్ని కొన్నాళ్ళు దాచుకుంటుంది. అదే అప్‌డేట్ కావాల్సిన ఇంకో కంప్యూటర్ అడిగితే, కంపెనీ సర్వర్‌కి శ్రమ లేకుండా మీదే పంపిస్తుంది. మీ ఫొటోలూ కాగితాలూ వెళ్ళవు, అప్‌డేట్ ముక్కలే వెళ్తాయి. ఎటొచ్చీ ఆ వెళ్ళడానికి కావాల్సిన దారి మీది, కరెంటు మీది, నెల బిల్లు మీది.

అసలు చమత్కారం ఇంకోటుంది. పెద్ద సంస్థలు కొనే ఎంటర్‌ప్రైజ్ రకంలో ఈ దానాన్ని ఆ ఆఫీసు నెట్‌వర్క్ గడప లోపలే ఆపారు. మీరూ నేనూ వాడే హోమ్ రకంలో మాత్రం ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని కంప్యూటర్లకి కూడా పంపేలా ముందే ఆన్ చేసి ఇచ్చారు. సంస్థలో అయితే లెక్క అడిగే ఆఫీసరుంటాడు. ఇంట్లో అయితే ‘ఓకే’ నొక్కే నాన్నగారుంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, ఆ అల్లుడైనా కొత్తలో ఆషాఢంలో అత్తారింటి గడప తొక్కడు. ఈ ఏర్పాటుకి ఆషాఢం కూడా లేదు.

తర్వాత్తర్వాత గొడవలయ్యాక కంపెనీవారు కాస్త తగ్గి, మామూలుగా ఇంటి నెట్‌వర్క్ వరకే ఉంచుతున్నారు. కానీ పాత సిస్టమ్‌లో ఆ మీట ఎటు ఉందో ఎవరు చూశారు?

మా వీధిలో రిటైరైన మాస్టారొకరున్నారు. అమెరికాలో ఉన్న మనవడితో వీడియోలో మాట్లాడబోతే, “తాతా, నీ మొహం గళ్ళు గళ్ళుగా ఉంది” అన్నాడట వాడు. మాస్టారు వెంటనే కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసి, వాళ్ళ తాతల దగ్గర్నించి అందుకున్నారు. కుర్రాడు వచ్చి, స్తంభం ఎక్కి, దిగి, “లైన్ శుభ్రంగా ఉందండి బాబాయ్‌గారూ, ఆయ్” అన్నాడు. ఆనక కంప్యూటర్ ముందు కూర్చుని యాక్టివిటీ మానిటర్ అనే పేజీ తెరిచాడు. ఈ నెలలో ఎంత దించుకుందో, ఎంత బయటికి పంపిందో అందులో ఉంటుంది.

“ఇంటర్నెట్‌లో వేరే కంప్యూటర్లకి జీబీలకి జీబీలు వెళ్ళాయండి మీ ఇంటి నించి.”

“ఎవరికిరా?”

“అది చెప్పదండి.”

“పెట్టేవాడికి విస్తరెవరిదో తెలియని సత్రం ఎక్కడైనా ఉందంట్రా!” అని మాస్టారు కళ్ళజోడు తీసేశారు.

నవ్వుతాం గానీ, లెక్క చూడండి. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ అన్నారు. కరెంటు స్తంభాల మీద తీగ లాగి పల్లెలకి నెట్ ఇచ్చారు. గొప్ప పనే. కానీ చవక ప్లాన్ ఎవరిదైనా, ఇంత డేటా దాటితే వేగం తగ్గుతుందన్న షరతు ఉంటుంది. చాలా ప్లాన్లలో వచ్చేదీ పోయేదీ కలిపే లెక్క. ఇక ఫోన్ హాట్‌స్పాట్ మీద చదువుకునే కాలేజీ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్. అప్‌డేట్ టిఫిన్ చేసి లేచేసరికి పిల్లాడికి గిన్నె కడుక్కోవడమే మిగులుతుంది.

పోనీ ముహూర్తమైనా మంచిదా? అప్‌డేట్లు దిగేది ప్రతి నెలా రెండో మంగళవారం. మంగళవారం నాడు గోళ్ళు కూడా తీసుకోని ఇళ్ళు మనవి.

ఇదంతా విని అప్‌డేట్లే మానేస్తానంటారేమో, ఆ మాట అనకండి. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని పట్టుకున్నప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకీ తగిలింది. దొంగల్ని పట్టేవాళ్ళ ఫైళ్ళకే తాళం పడింది. దానికి మందు, అంటే అప్‌డేట్, మార్చి 14నే వచ్చింది, అదీ ఓ రెండో మంగళవారమే. వేసుకోనివాళ్ళకే జబ్బు చేసింది. విండోస్ 10కి అయితే 2025 అక్టోబర్ 14తో మామూలు మందుల సరఫరా కూడా ఆపేశారు.

దానం కూడా చెడ్డదేం కాదు, ఇంట్లోవాళ్ళకైతే. మీ సెంటర్ వీధిలో జిరాక్స్ షాపుందనుకోండి, నాలుగు కంప్యూటర్లున్నాయి. నాలుగూ ఒకే అప్‌డేట్‌ని విడివిడిగా అమెరికా వాడి సర్వర్ నించి లాగుతుంటే, అప్లికేషన్ పెట్టుకోవడానికొచ్చినవాళ్ళు బయట బెంచీ మీద కూర్చుంటారు. ఒకటి దించుకుని మిగతా మూడింటికీ పంచితే పని గబగబా తెమిలిపోతుంది. ఈ ఏర్పాటులో మెచ్చుకోవాల్సింది అదే. చిత్రమేమిటంటే, ఆ ఉపయోగం గురించి షాపువాళ్ళకి చెప్పినవాడు లేడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరవండి. విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. ఇంట్లో రెండు మూడు సిస్టమ్‌లుంటే లోకల్ నెట్‌వర్క్ అన్నదాని మీద పెట్టండి. ఒక్కటే ఉంటే ఆపేయండి, అప్‌డేట్లేం ఆగవు, కంపెనీ సర్వర్ నించే వస్తాయి. హాట్‌స్పాట్ వాడేవాళ్ళు ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్ అని గుర్తు పెట్టండి. మీట తిప్పే ముందు మాత్రం యాక్టివిటీ మానిటర్ ఓసారి చూడండి. ఈ నెల మీ చేత ఎంత దానం చేయించారో అక్కడ రాసి ఉంటుంది.