ఖాళీ పేజీ మీద సంతకం అడిగిన హెడ్మాస్టారికి

గౌరవనీయులైన హెడ్మాస్టారు గారికి,

మన ప్రాథమిక పాఠశాల విద్యా కమిటీ చైర్‌పర్సన్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, మొన్న శుక్రవారం తమరు ఐదో తరగతి పిల్లాడి చేత మా ఇంటికి పంపిన తీర్మానాల పుస్తకం క్షేమంగా చేరింది. పెన్ను కూడా పంపారు. సంతకం ఎక్కడ పెట్టాలో నాకు తెలియదేమోనని పెన్సిల్‌తో ఇంటూ గుర్తు వేసి మరీ పంపారు. ఆ గుర్తుకి పైన పేజీ మొత్తం తెల్లగా ఉంది. ఇందులో ఏం రాస్తారురా అని అడిగితే, "మీరు పెట్టేయండి ఆంటీ, సారు తర్వాత రాసుకుంటారంట" అన్నాడు. వాడికి పదేళ్లు. పాలనా వ్యవహారాల్లో ఇంత చిన్న వయసుకే ఇంత అనుభవం రావడం మన బడి ఘనతే.

నేను పెట్టలేదు. పుస్తకం వెనక్కి పంపాను.

శనివారం పొద్దునకల్లా నేను బడి అభివృద్ధికి అడ్డం పడ్డానని ఊరంతా తెలిసిపోయింది. తమరు ఫోన్ చేశారు, నాకు కాదు, మా ఆయనకి. "మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పండి" అన్నారట. మాస్టారూ, 2024 ఆగస్టులో కమిటీ ఎన్నికలో తల్లిదండ్రులు చేతులెత్తింది నాకు. మా ఆయనకి మిరప చేనూ పురుగుమందుల కొట్టూ తప్ప బడి సంగతి తెలియదు. ఆ మాట ఆయనే చెబుతాడు. అయినా పంద్రాగస్టు నాడు జెండా పక్కన కుర్చీ ఆయనకేశారు, నాకు బిస్కెట్లు పంచే పని అప్పజెప్పారు. ఈ ఉత్తరం మీ చేతికే ఇచ్చేదాన్ని. నాకు రావాల్సిన కబుర్లన్నీ ఆయనకి వెళ్తున్నాయి కాబట్టి అందరికీ కనబడేలా రాస్తున్నాను.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ మీకు నేను చెప్పేదేముంది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లుండాలంది. నెలకొకసారైనా కూర్చోవాలని, తీర్మానాలు రాసి జనానికి అందుబాటులో ఉంచాలని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. జనం సంగతి తర్వాత, ముందు చైర్‌పర్సన్‌కి చూపించండి. పుస్తకం ఎలాగూ చేతికొచ్చింది కదా అని వెనక పేజీలు తిప్పాను. ఎన్ని మీటింగులు జరిగాయో మనకి! సంక్రాంతి దాటాక ఒకటి, పొద్దున పదకొండింటికట. నేను తప్ప అందరూ హాజరట, చర్చించారట, ఏకగ్రీవమట. నేను రాలేదు కాబట్టి వైస్ చైర్మన్ చేత కానిచ్చారు. హాజరైనట్టు సంతకాలున్న తల్లుల్లో సగం మంది ఆ వేళ నా పక్క సాలులో కాయలు కోస్తున్నారు. ఆ సంతకాలు కూడా పిల్లల సంచుల్లోనే తిరిగొచ్చాయన్నమాట.

బడి డబ్బు తిన్నారని నేననను. సున్నానికో, బల్బులకో, కిటికీ తలుపులకో అయ్యే ఉంటుంది. అయితే అదేదో రాసి పంపడానికేం రోగం? ప్రభుత్వం తల్లికి వందనం పథకం కింద 15,000 అని చెప్పి, బడి నిర్వహణకీ మరుగుదొడ్లకీ 2,000 పట్టుకుని మాకు 13,000 వేశారు. పట్టుకున్నందుకు గొడవ లేదు. ఆడపిల్లల దొడ్డి తలుపుకి గొళ్లెం ఇప్పటికీ లేదు. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని మా పిల్ల పొద్దుటి నుంచి నీళ్లు ముట్టకుండా, నింపిన సీసా నింపినట్టే సాయంత్రం ఇంటికి తెస్తోంది. దాని మీద రాయండి ఒక తీర్మానం, పరుగున వచ్చి పెడతాను సంతకం! సాంబారులో పప్పు సంగతి, వారంలో సగం రోజులు లేటుగా దిగే బస్సు టీచరు సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

అసలు ఈ ఉత్తరం వీటి కోసం రాయలేదు. సోమవారం నాలుగో తరగతిలో మా అమ్మాయిని లేపి నిలబెట్టి, "మీ అమ్మ సంతకం పెట్టదంట, మన బడికి సున్నం రాదు" అన్నారు. పిల్లలంతా నవ్వారట. అన్నది ఎవరో మీకు తెలుసు. అది ఇంటికొచ్చి పుస్తకాల సంచి కూడా దించకుండా "పెట్టెయ్యమ్మా, నీకేం పోతుంది" అని ఏడ్చింది. దానికేం చెప్పాలి నేను? చదవకుండా సంతకం పెట్టకూడదని పిల్లలకి చెప్పాల్సింది మీరే కదండీ.

మాస్టారూ, నా మీద కోపముంటే నన్ను అనండి. కమిటీలోంచి తీసేయాలనుంటే తల్లిదండ్రుల్ని పిలిచి తీసేయండి, నోరెత్తను. మీటింగ్ మాత్రం సాయంత్రం ఆరు దాటాక పెట్టండి, కూలి నుంచి దిగి అందరం వస్తాం. ఏం కొన్నారో, ఎంతయిందో పైకి చదవండి. అక్కడికక్కడే సంతకం పెడతాను. అప్పటిదాకా, దయచేసి, క్లాసులో పిల్లని ఏమీ అనకండి.

ఇట్లు,
విద్యా కమిటీ చైర్‌పర్సన్