సన్‌రూఫ్‌కి కొసరు ఉండదా?

మా పెద్ద తోడల్లుడుగారు రైతుబజారులో అడుగుపెడితే అమ్మేవాళ్లు ముందే సర్దుకుని కూర్చుంటారు. బెండకాయ తోక విరిచి చూడందే ఆయన సంచీ మూతి తెరవరు. సొరకాయకు గోరు గుచ్చుతారు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. పుచ్చకాయను తట్టి, వైద్యుడు రోగి వీపు తట్టి విన్నంత శ్రద్ధగా వింటారు. వంకాయలో పుచ్చు తేలితే ఎవరి పూచీ అని ముందే మాట తీసుకుంటారు. అన్నీ అయ్యాక కరివేపాకు కొసరు. అది లేదంటే కొత్తిమీర. కూకట్‌పల్లి రైతుబజారు నుంచి ఆయన కొసరు లేకుండా ఇల్లు చేరిన రోజు నాకు తెలిసి లేదు.

అదే మనిషి, ఆ మధ్య జులైలో లక్షా ఎనిమిది వేల రూపాయల ఎస్టిమేటు మీద ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టి వచ్చారు.

జరిగిందేమిటంటే, నాలుగు రోజులు ముసురు పట్టింది. కారు నడుపుతుంటే ఆయన కుడి భుజం మీద టప్పున ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకోటి. తలెత్తి చూస్తే సన్‌రూఫ్ మూసే ఉంది. సర్వీస్ సెంటరుకు పరిగెత్తారు. అక్కడ చల్లటి ఏసీ హాలు, మెషిన్ కాఫీ, మెడలో టై, చేతిలో ట్యాబు ఉన్న కుర్రాడు. ఆ కుర్రాడు కారులోకి తొంగిచూసి, ఒకసారి పైకి చూసి, "సన్‌రూఫ్ పోయింది సార్. అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, ఎస్టిమేటు అప్పటికప్పుడు ట్యాబులో పుట్టేసింది. మా తోడల్లుడుగారు వేలితో దాని మీద సంతకం గీశారు.

"పోయింది" అనే మాటలో ఏదో మహిమ ఉంది. నిజానికి మన దగ్గర ఎవరైనా పోయారంటే ఎన్ని ప్రశ్నలు వేస్తాం! ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, బీపీ ఉందా, ఏ ఆస్పత్రిలో చూపించారు, ముందే చూపిస్తే బతికేవారు కదా అని అరగంటసేపు ఆరా తీస్తాం. పోయినాయన మనకు వేలు విడిచిన మేనమామ అయినా సరే. సొంత కారు సన్‌రూఫ్ పోయిందంటే మాత్రం "అయ్యో, అలాగా, ఎంతవుతుంది?" అంటాం. మరణ కారణం అక్కర్లేదు, దినం ఖర్చు చెబితే చాలు.

"ఒక్క మాటైనా అడగలేదేమిటి అన్నయ్యగారూ?" అన్నాను.

"బాగుండదయ్యా. అంత పెద్ద హాల్లో నిలబడి బేరాలాడితే ఏమనుకుంటారు?" అన్నారు.

ఇదీ అసలు రహస్యం. ఎండలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్న రైతును వంద ప్రశ్నలు వేయడం మనకు తెలివితేటలు. ఏసీలో టై కట్టుకున్నవాణ్ని ఒక ప్రశ్న వేయడం నామోషీ. మన సంగతి ఇంత బాగా కనిపెట్టినవాడు అసెంబ్లీ కాక బీడింగు ఎందుకు మారుస్తాడు?

ఇంతకీ ఆయన సన్‌రూఫ్‌కి వచ్చిన జబ్బేమిటి? అది తెలియాలంటే కార్ల బొమ్మల పుస్తకం అక్కర్లేదు, తాతలనాటి మండువా లోగిలి గుర్తు తెచ్చుకుంటే చాలు. మండువాలో వాన ఇంటి నడిమధ్యనే పడుతుంది. అది ఇంటి లోపం కాదు, కట్టిన తీరే అది. నాలుగు వైపుల పెంకుల మీది నీళ్లూ నడుమ గుంటలోకి దిగి, తూములోంచి వీధి కాలవలోకి పోతాయి. సన్‌రూఫూ అచ్చం అంతే. అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు నీటిని చాలావరకు ఆపుతుంది గాని, చుక్క కూడా రానివ్వనని అది ఎవరికీ ఒట్టేసి చెప్పలేదు. దాన్ని దాటి వచ్చిన నీళ్ల కోసం అద్దం కింద చుట్టూ చిన్న కాలవ ఉంటుంది. దాని మూలల్లోంచి సన్నటి గొట్టాలు దిగుతాయి. ముందువి ముందు అద్దం పక్కనున్న స్తంభాల్లోంచి, వెనకవి వెనక స్తంభాల్లోంచి దిగి, చక్రాల దగ్గరో తలుపుల అడుగునో నీటిని బయటికి వదులుతాయి. కానుగ చెట్టు కింద కారు పెట్టామంటే పూరేకులూ ఆకు తునకలూ దుమ్మూ కలిసి ఆ గొట్టంలో బిరడాలా బిగుసుకుంటాయి. నీళ్లకు దారి లేక కాలవ పొంగుతుంది, మన భుజం మీద చుక్క పడుతుంది. సన్‌రూఫ్ కారుతోందని వచ్చే కార్లలో చాలావాటి జబ్బు ఇంతే.

మండువా తూములో ఆకు అడ్డం పడితే మా తాత చీపురుపుల్ల తెచ్చి పొడిచేవాడు. ఇల్లు పడగొట్టి కొత్త మండువా కట్టించిన తాతను నేను చూడలేదు. బహుశా అప్పటికి సర్వీస్ అడ్వైజర్లు ఇంకా పుట్టి ఉండరు.

కాబట్టి సన్‌రూఫ్ మార్చాలి అన్న మాట వినబడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న చాలా అమాయకమైనది: "బాబూ, మగ్గుతో నీళ్లు పోసి చూశారా?" సన్‌రూఫ్ తెరిచి, ఆ కాలవలో ఒక్కో మూలా నెమ్మదిగా నీళ్లు పోయాలి. తూము బాగుంటే కాసేపట్లో కారు కింద ఆ మూలకు సరిగ్గా ధార కనబడుతుంది. కాలవలో నీళ్లు నిలబడితే దొంగ దొరికినట్టే. దీనికి కావలసిన పరికరాలు ఒక మగ్గు, రెండు కళ్లు. రెండో ప్రశ్న, తూము ఎలా శుభ్రం చేస్తారు అని. మెత్తటి నైలాన్ తీగ దూర్చి నెమ్మదిగా లాగితే మంచిది. టైర్లలో గాలి కొట్టే పైపు తెచ్చి బుస్సున కొడితే గొట్టం లోపలెక్కడో అతుకు దగ్గర ఊడుతుంది. ఆ తర్వాత నీళ్లు భుజం మీద పడవు, నిజమే. రూఫ్ లైనింగు వెనకనుంచి దిగి కార్పెట్ కింద వైర్ల మధ్య కాపురం పెడతాయి.

ఇంకో వర్గం వైద్యులు ఉన్నారు. వీళ్లది సిలికాన్ శాఖ. అద్దం చుట్టూ సిలికాన్ పట్టించి శాశ్వతంగా మూసేస్తారు. కారడం ఆగుతుంది, తెరుచుకోవడమూ ఆగుతుంది. నిజం చెప్పాలంటే మన ఊళ్లలో చాలా సన్‌రూఫ్‌లకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే దేశంలో, నెత్తిన ఆకాశం కావాలని ఖరీదైన వేరియంటు కొంటాం. కొన్న వారానికే దానికి నల్ల ఫిల్మ్ అతికిస్తాం, కింద పరదా లాగుతాం. 2023 జులైలో వచ్చిన ఎక్స్‌టర్ లాంటి చిన్న కారులో కూడా నోటిమాటకు తెరుచుకునే సన్‌రూఫ్ పెట్టారు. పైన పటారానికి మాటలు కూడా వచ్చాయన్నమాట. ఏడాదికోసారి పిల్లల్ని అందులోంచి నిలబెట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పడానికి మాత్రం అది తెరుచుకుంటుంది. ఆ పని ప్రాణానికి ఎంత ముప్పో, బ్రేకు ఒక్కసారి గట్టిగా పడితే తెలుస్తుంది.

2023 మొదట్లోనే అనుకుంటా, ఒకాయన కొత్త ఎస్‌యూవీని కొండల్లో జలపాతం కింద నిలబెట్టి, పైకప్పులోంచి లోపలికి నీళ్లు కారుతున్న వీడియో తీసి దేశమంతా చూపించాడు. ఆ కంపెనీవాళ్లు ఊరుకుంటారా? తమ బండినీ జలపాతం కిందికి తోలి, చుక్క రాలేదని ఇంకో వీడియో తీశారు. జలపాతం కింద కారు కడగడం మన జీవితావసరమా అని మాత్రం ఇరుపక్షాల్లో ఎవరూ అడగలేదు.

సరే, నీళ్ల గొడవ కాదు, నిజంగానే అద్దం పగిలిందనుకుందాం. లారీ చక్రం నుంచి ఎగిరిన కంకర తగిలి పగలొచ్చు. ఏమీ తగలకుండానూ పగలొచ్చు. గట్టిపరిచిన అద్దంలో తయారీ వేళ నికెల్ సల్ఫైడ్ రేణువు చిక్కుకుంటే, ఏళ్ల తర్వాత ఒకనాడు దానంతట అదే భళ్లుమంటుంది. అప్పుడు అడగాల్సింది: మారుస్తున్నది అద్దమా, అద్దమూ పట్టాలూనా, మోటారుతో సహా మొత్తమా? అద్దం పగిలితే పట్టాలు ఎందుకు? మోటారు కదలకపోతే అద్దం ఎందుకు? "కంపెనీ విడిగా ఇవ్వదు సార్" అంటాడు. కొన్ని మోడళ్లలో అది నిజం కూడా. అయితే పార్టు నంబరు రాసివ్వమనండి. ఆ అంకెలు పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో బెజవాడ ఆటోనగర్‌లోనో కనుక్కుంటే విడిగా వస్తుందో రాదో అరగంటలో తేలిపోతుంది. పార్టు నంబరు అడిగిన క్షణంలో అడ్వైజర్ ముఖం చూడదగ్గది. అప్పటిదాకా "సార్" అన్నవాడు "మీరు కూడా ఈ ఫీల్డేనా అన్నా?" అంటాడు.

బయటి అద్దం వేస్తామంటే దాని మూలన ముద్ర చూడండి. వాహనాల భద్రతా అద్దాలకు ఐఎస్ 2553 అని మన దేశపు ప్రమాణం ఉంది. పాత అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన లామినేటెడ్ రకమైతే కొత్తదీ అదే కావాలి. అది పగిలినా పొరకు అతుక్కుని ఉంటుంది. గట్టిపరిచినదైతే పలుకులు పలుకులుగా తలంబ్రాల్లా నెత్తిన కురుస్తుంది. "రెండూ సేమ్ సార్" అన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్యడమే.

రూఫ్ లైనింగు ఎవరు విప్పుతారో అడగడం మాత్రం చాదస్తం అనుకోకండి. చాలా కార్లలో పక్కల తెరలా దిగే ఎయిర్‌బ్యాగులు పైకప్పు అంచుల్లోనే మడతపెట్టి ఉంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా, స్క్రూడ్రైవర్ పట్టుకుని "హోజాయేగా సాబ్" అంటూ ఎక్కే పదిహేనేళ్ల కుర్రాడి చేతికి ఆ పని అప్పగించారంటే, ఎయిర్‌బ్యాగు ముందు వాడి మీద పేలుతుంది, లేదా అవసరమైననాడు మీకు పేలదు.

బిగించాక అద్దం ఎక్కడ ఆగాలో, ఏదైనా అడ్డం వస్తే ఎలా వెనక్కి పోవాలో మోటారుకు మళ్లీ నేర్పాలి. "అడ్డం వస్తే వెనక్కి పోతుందో లేదో చూపించు" అంటే కొందరు ధైర్యవంతులు సొంత వేలు పెట్టబోతారు. వద్దు. లేత సొరకాయ పెట్టండి. మా తోడల్లుడుగారి సంచీలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

ఇక ఇన్సూరెన్స్ ఘట్టం. మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీలో అద్దానికి తరుగు కోయరు. రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకు 50 శాతం కోస్తారు. లోహపు భాగాలకు బండి వయసును బట్టి కోత. పైగా 1500 సీసీ దాకా ఇంజిను ఉన్న కారుకు 1,000 రూపాయలు, ఆ పైన 2,000 మన జేబులోంచే. మూసుకుపోయిన తూము, అరిగిన బీడింగు, ఆగిపోయిన మోటారు ప్రమాదాలు కావు కాబట్టి వాటికి పైసా రాదు. ఇక్కడే ఆ టై కుర్రాడు గొంతు తగ్గించి, "చెట్టుకొమ్మ పడిందని రాసేద్దాం సార్" అంటాడు. ఆ రాతలన్నీ నిజమైతే వానాకాలంలో హైదరాబాద్ చెట్లకు కొమ్మలే మిగలకూడదు. తప్పుడు క్లెయిమ్ మీద సంతకం మాత్రం కొమ్మది కాదు, మీది. న్యాయంగా వచ్చే చిన్న క్లెయిమ్‌కైనా ముందు లెక్క చూసుకోవాలి. 20 శాతంతో మొదలై ఏళ్ల తరబడి 50 దాకా పెంచుకున్న నో క్లెయిమ్ బోనస్, ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడాదికి సున్నా అవుతుంది. విడిగా రక్షణ కొనుక్కుంటే తప్ప.

సన్‌రూఫ్ లేని కారుకు రేకు కోసి సన్‌రూఫ్ పెడతామనే మహానుభావులూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దానికి ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, బయటికి దారెటు అని.

మళ్లీ మా తోడల్లుడుగారి దగ్గరికి వద్దాం. ఏడు రోజులకు కారు చేతికొచ్చింది. కొత్త సన్‌రూఫ్ అద్దంలా మెరిసింది, అద్దమే కాబట్టి. పాత పార్టులు ఏవయ్యా అంటే స్క్రాపులోకి వెళ్లాయన్నారు. వారంటీ ఉందా అంటే ఉందన్నారు. పార్టుకా, కారడానికా అని ఆయన అడగలేదు. ఇంటికి మిఠాయి పంపారు.

సెప్టెంబరులో వాన పడింది. కుడి భుజం మీద టప్పున చుక్క.

ఆ దిగే గొట్టాలు అసెంబ్లీతో రావు. అవి స్తంభాల్లో ఉంటాయి, మార్చినవాళ్లు వాటి జోలికే పోలేదు. లక్షా ఎనిమిది వేలు పెట్టి మండువా కొత్తగా కట్టించారు, తూములో ఆకు మాత్రం అలాగే ఉంచారు. ఫోన్ చేస్తే, "సన్‌రూఫ్ పర్ఫెక్ట్‌గా ఉంది సార్, ఇది బాడీ లీకేజీ, వేరే ఎస్టిమేట్" అన్నారట.

ఈసారి నేను వెంటబెట్టుకుని మూసాపేటలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి సన్‌రూఫ్ తెరిచి, మగ్గుతో నీళ్లు పోసి, కారు కింద వంగి చూసి, గడ్డి కోసే మిషన్‌కు వాడే నైలాన్ తీగ దూర్చాడు. నల్లగా, చిటికెన వేలంత ముద్ద ఒకటి ఊడిపడింది. కానుగ పూలు, దుమ్ము. ముందు రెండు గొట్టాలూ పావుగంటలో అయిపోయాయి.

"ఎంత?" అన్నారు మా తోడల్లుడుగారు.

"మూడొందలు సార్."

"మూడొందలా! తీగ దూర్చినందుకా? రెండొందల యాభై తీసుకో" అన్నారు. మేస్త్రి తల గోక్కుని సరేనన్నాడు. ఆయన నోటు ఇవ్వబోయి, మళ్లీ జేబులో పెట్టుకుని, కారు వెనకవైపు చూపించారు.

"వెనక రెండూ కూడా పొడిచెయ్యి. కొసరు."